ఓడ పేరే ఆమె పేరు: అమెరికా ఖండాల బానిసత్వాన్ని కవిత్వం ఎలా చూసింది

సంక్షిప్తంగా: అమెరికా ఖండాల బానిసత్వం మీద వచ్చిన కవిత్వమంతా ఒక్క గొంతుతో మాట్లాడదు. బానిసలుగా ఉండి రాసినవాళ్ళ పద్యాలు చాలాచోట్ల అణిగిమణిగి ఉన్నట్టు కనిపిస్తాయి. బయట ఉండి రాసినవాళ్ళ పద్యాలు గట్టిగా ఏడుస్తాయి. ఇరవయ్యో శతాబ్దం నుంచి వచ్చిన కవులు ఓడల చిట్టాలనూ కోర్టు కాగితాలనూ తవ్వుతారు. ఈ తేడాలకు కవుల మనస్తత్వం కంటే పెద్ద కారణాలున్నాయి. కవిత అచ్చు కావడానికి ఎవరి దయ కావలసి వచ్చింది, దాన్ని చదివేది ఎవరు, ఆ దేశంలో బానిస వ్యాపారం ఏ పద్ధతిలో నడిచింది అన్నవి ముఖ్యమైనవి.

ఎనిమిది పాదాలు, ఒక చిక్కుముడి

ఆఫ్రికా నుంచి తనను అమెరికాకు తీసుకురావడం గురించి ఫిలిస్ వీట్లీ రాసిన ఇంగ్లిషు పద్యంలో ఉన్నవి ఎనిమిదే పాదాలు. మొదటి పాదంలోనే "నా అన్యమత దేశం నుంచి నన్నిక్కడికి తెచ్చింది కరుణే" అంటుంది. అమ్ముడుపోయిన మనిషే ఆ అమ్మకాన్ని కరుణ అనడం ఏమిటని మొదటిసారి చదివినవాళ్ళు నిర్ఘాంతపోతారు. యజమానులకు తలవంచిందని ఆమెను నిందించినవాళ్ళు తెల్లవాళ్ళ కంటే తర్వాతి తరాల నల్లజాతి పాఠకుల్లోనే ఎక్కువ. ఆ నింద ఎంతవరకు న్యాయమో తేలాలంటే, ఆ పద్యం ఏ పరిస్థితుల్లో బయటికి వచ్చిందో చూడాలి.

1761 జులైలో బోస్టన్ రేవులో ఒక ఓడ ఆగింది. అందులోంచి దించినవాళ్ళలో బక్కపలచటి ఆడపిల్ల ఒకతె ఉంది. ఒంటికి చుట్టుకున్న మాసిన కార్పెట్ ముక్క తప్ప ఆ పిల్లకు బట్ట లేదు. ముందు పాలపళ్ళు అప్పుడే ఊడి ఉన్నాయి. వాటిని చూసి ఏడెనిమిదేళ్ళు ఉంటాయని వయసు లెక్కగట్టారు. జాన్ వీట్లీ అనే ఆయన తన భార్య సేవ కోసం ఆ పిల్లను కొన్నాడు. ఓడ పేరు ఫిలిస్. పిల్లకు ఆ పేరే పెట్టారు. ఇంటిపేరు యజమానిది. కన్నవాళ్ళు ఏమని పిలిచేవారో ఏ కాగితంలోనూ లేదు.

ఆ ఇంట్లో ఆమెకు చదువు చెప్పారు. అది చాలా అరుదైన విషయం. పదహారు నెలల్లో ఇంగ్లిషు పట్టుబడింది, తర్వాత లాటిన్ కూడా నేర్చుకుంది. 1772లో కవితల పుస్తకం వేస్తామని బోస్టన్‌లో చందాదారుల కోసం ప్రకటిస్తే తగినంత మంది ముందుకు రాలేదు. చివరికి 1773లో లండన్‌లో అచ్చయింది. ఆఫ్రికన్ అమెరికన్ రచయిత పేరుతో వెలువడిన మొదటి కవితా సంపుటి అదే. ఈ పద్యాలు ఈ అమ్మాయే రాసిందని నమ్ముతున్నామంటూ గవర్నర్ థామస్ హచిన్సన్, జాన్ హాంకాక్ సహా 18 మంది బోస్టన్ పెద్దమనుషులు సంతకాలు పెట్టిన పత్రాన్ని పుస్తకం మొదటి పేజీల్లో వేశారు. ఆ పద్దెనిమిది మందిలో బానిసలను ఉంచుకున్నవాళ్ళూ ఉన్నారు.

అంటే ఆమె కవిత పాఠకుడి దగ్గరికి చేరేలోపు యజమానినీ, పెద్దమనుషుల సంతకాలనూ, లండన్ ప్రచురణకర్తనూ దాటి రావాలి. నేరుగా నిలదీసే వాక్యం ఈ మూడు గడపల్లో ఏదో ఒకచోట ఆగిపోతుంది. అలాంటప్పుడు నిలదీయాల్సిన మాట పద్యంలో ఎక్కడ దాక్కుంటుందో వెతకాలి. ఎనిమిది పాదాల పద్యంలో అది చివరి రెండు పాదాల్లో ఉంది. "క్రైస్తవులారా, గుర్తుంచుకోండి, కెయిన్‌లాగా నల్లనైన నీగ్రోలు కూడా శుద్ధి పొంది దేవదూతల వరుసలో చేరవచ్చు" అని ఆమె చెబుతుంది. బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కెయిన్ పేరూ, ఇంగ్లిషులో చెరకుకు ఉన్న మాటా ఒకేలా వినిపిస్తాయి. 'శుద్ధి' అని ఆమె వాడిన మాట చక్కెరను శుద్ధి చేయడానికి కూడా వాడేదే. బానిసల చెమటతో తీసిన చక్కెరను, మతం మాట్లాడే పెద్దమనుషుల ముందు, వాళ్ళ మాటల్లోనే గుర్తు చేసినట్టు చాలామంది విమర్శకులు చదువుతారు. ఆ చదువుకు బలం ఇచ్చే కవిత అదే పుస్తకంలో ఇంకొకటి ఉంది. బ్రిటిష్ మంత్రి డార్ట్‌మత్ ప్రభువును ఉద్దేశించి రాసిన ఆ పద్యంలో స్వేచ్ఛ అంటే తనకెందుకంత ఇష్టమో చెబుతూ, పసితనంలోనే తనను ఎత్తుకొచ్చారనీ, తండ్రి చేతిలోంచి బిడ్డను లాక్కున్న ఆ మనిషి గుండె ఎంత ఉక్కుగుండె అయి ఉండాలో అనీ అంటుంది. అక్కడ కరుణ ఊసే లేదు.

తర్వాత అమెరికా అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ మాత్రం ఆమె అసలు కవయిత్రే కాదని రాశాడు. రెండో సంపుటి వెలుగు చూడకుండానే, పేదరికంలో, 1784లో ఆమె చనిపోయింది. అప్పటికి ముప్పై ఒక్క ఏళ్ళు ఉంటాయేమో.

చక్కెర, పత్తి: రెండు రకాల లెక్క

కవితల్లో కనిపించే దృశ్యాలు దేశాన్ని బట్టి ఎందుకు మారతాయో అర్థం కావాలంటే కొన్ని అంకెలు అవసరం. 1501 నుంచి 1866 వరకు సుమారు 1.25 కోట్ల మంది ఆఫ్రికన్లను ఓడలెక్కించారని చరిత్రకారుల అంచనా. అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగినవాళ్ళు సుమారు 1.07 కోట్ల మంది. మిగతా 18 లక్షల మంది దారిలోనే పోయారు. పశ్చిమాఫ్రికా తీరంలో మనుషులకు బదులుగా ఇచ్చిన సరుకుల్లో తుపాకులు, సారా, ఇనుప కడ్డీలతో పాటు భారతీయ నూలు గుడ్డలకు పెద్ద గిరాకీ ఉండేది. కోరమాండల్ తీరం నుంచి వెళ్ళిన నీలిరంగు గుడ్డకు యూరప్ వ్యాపారుల్లో 'గినీ గుడ్డ' అన్న పేరే స్థిరపడింది. మగ్గం మీద దాన్ని నేసిన మనిషికి అది చివరికి దేనికి మారకమవుతుందో తెలిసే వీలు చాలా తక్కువ.

తెలుగు పాఠకుల్లో చాలామందికి ఈ చరిత్ర అలెక్స్ హేలీ 'రూట్స్'కు సహవాసి చేసిన అనువాదం 'ఏడు తరాలు' ద్వారా పరిచయం. అందుకే బానిసత్వం అనగానే ఉత్తర అమెరికా గుర్తొస్తుంది. కానీ ఓడల లెక్క వేరేగా ఉంది. ఒక్క బ్రెజిల్‌కే సుమారు 48 లక్షల మందిని తెచ్చారు. ఇప్పటి అమెరికా సంయుక్త రాష్ట్రాల భూభాగానికి ఆఫ్రికా నుంచి నేరుగా వచ్చింది నాలుగు లక్షల కంటే తక్కువే. అయినా 1860 నాటికి అక్కడ 39.5 లక్షల మంది బానిసలుగా ఉన్నారు.

ఈ తేడా ఎలా వచ్చింది? బ్రెజిల్, కరీబియన్ చెరకు తోటల్లో పుట్టేవాళ్ళ కంటే చచ్చేవాళ్ళు ఎక్కువ. చచ్చినవాళ్ళ స్థానంలో ఓడ మీద కొత్తవాళ్ళను తెచ్చుకోవడం యజమానులకు గిట్టుబాటు. ఉత్తర అమెరికాలో పొగాకు, తర్వాత పత్తి. అక్కడ బానిసల సంఖ్య పుట్టుకల ద్వారా పెరిగింది. బిడ్డకు తల్లి హోదాయే వస్తుందని వర్జీనియా 1662లోనే చట్టం చేసింది. తండ్రి తెల్ల యజమానే అయినా సరే, బానిస తల్లికి పుట్టిన బిడ్డ బానిసే. 1808లో విదేశాల నుంచి బానిసల దిగుమతిని నిషేధించాక దేశంలోపలి అమ్మకాలకు రెక్కలొచ్చాయి. పత్తి నుంచి గింజలు వేరుచేసే 1793 నాటి కాటన్ జిన్ యంత్రం వల్ల దక్షిణాదిన పత్తి సాగు విపరీతంగా విస్తరించింది. దక్షిణాదిలోనే ఎగువన ఉన్న రాష్ట్రాల నుంచి పత్తి నేలలకు దాదాపు పది లక్షల మందిని తరలించారు. తరలింపు అంటే తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట.

ఈ లెక్కంతా కవిత్వంలోకి దిగింది. అమెరికాలో వేలం పాట, తల్లీబిడ్డల ఎడబాటు కవితలకు కేంద్రమయ్యాయి. బాల్టిమోర్‌లో స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి కవయిత్రి ఫ్రాన్సెస్ హార్పర్ 1854లో బానిస తల్లి మీద రాసిన పద్యం ఒక కేక వినిపించిందా అన్న ప్రశ్నతో మొదలవుతుంది. తల్లి కొంగు చాటున దాక్కునే పిల్లవాడు కనిపిస్తాడు. ఆ తర్వాత కవయిత్రి ఇలా అంటుంది: "వాడు ఆమెవాడు కాడు, నొప్పులు పడి కన్నది ఆమే అయినా. వాడు ఆమెవాడు కాడు, వాడి నరాల్లో పారేది ఆమె రక్తమే అయినా." 1662 నాటి చట్టం తల్లి వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో ఈ రెండు ముక్కల్లో తెలుస్తుంది. బిడ్డ బానిస కావడానికి మాత్రం తల్లి రక్తం పనికొచ్చింది, బిడ్డను దగ్గర ఉంచుకోవడానికి పనికిరాలేదు.

బ్రెజిల్ కవిత్వంలో అందరికీ గుర్తుండే దృశ్యం ఓడ. బహియాకు చెందిన కాస్ట్రో ఆల్వెస్ 1868లో, ఇరవై ఒక్క ఏళ్ళ వయసులో, సావో పాలోలో లా చదువుతూ బానిస ఓడ మీద దీర్ఘ కవిత రాశాడు. మొదటి భాగమంతా నడిసముద్రం, వెన్నెల, తెరచాపల అందమే. కవి ఆల్బట్రాస్ పక్షిని రెక్కలు అప్పడుగుతాడు. కిందికి దిగి దగ్గర్నుంచి చూస్తే ఆ అందమైన ఓడ డెక్కు మీద కొరడా దెబ్బల తాళానికి ఆడుతున్న మనుషులు, సంకెళ్ళ చప్పుడు, రొమ్ములకు బక్కచిక్కిన పసిపిల్లలను హత్తుకున్న తల్లులు. పిల్లల నోళ్ళను తడుపుతున్నది ఆ తల్లుల రక్తం. చివరికి ఆ ఓడ మీద ఎగిరేది ఏ జెండా అని చూస్తే అది తన దేశానిదే. ఒక జాతికి శవవస్త్రం కావడం కంటే నువ్వు యుద్ధంలో చిరిగిపోయి ఉంటే బాగుండేదని ఆ జెండాతో అంటాడు.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. బ్రెజిల్ 1850లోనే బానిసల దిగుమతిని చట్టంతో ఆపేసింది. మరి పద్దెనిమిదేళ్ళ తర్వాత ఓడ గురించి ఎందుకు? ఓడలు ఆగినా, వాటిలో వచ్చినవాళ్ళు, వాళ్ళ పిల్లలు ఇంకా తోటల్లోనే ఉన్నారు. పైగా ఆ కవిత పెద్ద గొంతుతో సభల్లో చదవడానికి రాసింది. జెండాను నిలదీయడానికి నడిసముద్రం కంటే పెద్ద వేదిక దొరకదు. అలాగని కాస్ట్రో ఆల్వెస్ ఓడ దగ్గరే ఆగిపోలేదు, బిడ్డను పోగొట్టుకునే తల్లుల గురించీ రాశాడు. 1871లో, ఇరవై నాలుగేళ్ళకే క్షయతో చనిపోయాడు. బ్రెజిల్ బానిసత్వాన్ని రద్దు చేసింది 1888 మే 13న. అమెరికా ఖండాల్లో అన్నిటికంటే ఆలస్యంగా చేసిన దేశం అదే.

టీ బల్ల మీది పద్యం

బ్రిటన్‌లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా ఉద్యమం మొదలైనప్పుడు కవిత్వం కరపత్రం పని చేసింది. 1788లో విలియం కూపర్ రాసిన 'నీగ్రో మొర' అనే పద్యాన్ని సన్నని మంచి కాగితం మీద వేసి, చిన్నగా మడిచి, టీ బల్ల దగ్గర మాట్లాడుకోదగ్గ విషయం అన్న శీర్షికతో వేల కాపీలు పంచారని ఉద్యమ నాయకుడు థామస్ క్లార్క్‌సన్ రాశాడు. శీర్షిక ఊరికే పెట్టలేదు. టీలో కలిపే చక్కెర కరీబియన్ తోటలది. మీ చెరకు తీపి కోసం ఎన్ని వీపులు చిట్లాయో ఆలోచించండని ఆ పద్యం అడుగుతుంది. కప్పు చేతిలో ఉండగా చదివేవాళ్ళకు అది సూటిగా తగులుతుంది. పద్యం పాటకు వీలైన సులువైన ఛందస్సులో ఉండటంతో వీధుల్లోనూ పాడారు. బానిస వ్యాపారాన్ని నిషేధిస్తూ 1807లో పార్లమెంటు చట్టం చేసింది. దానికి దారి వేసిన ప్రజాభిప్రాయంలో ఇలాంటి పద్యాలకూ వాటా ఉంది.

ఈ పద్ధతికి ఒక లోపం కూడా ఉంది. ఆ పద్యంలో 'నేను' అని మాట్లాడేది బానిస. రాసింది ఇంగ్లండ్‌లో కూర్చున్న తెల్ల కవి. చదివేవాడి మనసు కరగాలి కాబట్టి బానిస వేడుకోవాలి, కన్నీళ్ళు పెట్టుకోవాలి, లేదా చచ్చిపోవాలి. అమెరికన్ కవి లాంగ్‌ఫెలో 1842లో బానిసత్వం మీద తెచ్చిన చిన్న సంపుటిలో పేరుపడ్డ పద్యం ఒక బానిస కలది. పొలంలో కొడవలి పట్టుకునే నిద్రపోయి, నైజర్ నది ఒడ్డున తాను రాజుగా ఉన్నట్టు కలగంటాడు. ఆ నిద్రలోనే ప్రాణం పోతుంది. పద్యం అందంగానే ఉంటుంది. కానీ తిరగబడే బానిస, పారిపోయే బానిస, యజమానిని ద్వేషించే బానిస ఈ కోవ పద్యాల్లో అరుదు. అలాంటివాణ్ణి చూస్తే పాఠకుడికి జాలికి బదులు భయం వేస్తుంది.

ఆ భయానికి వెనకాడని ఇంగ్లండ్ కవయిత్రి ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్. పారిపోయిన బానిస స్త్రీ మీద ఆమె రాసిన పద్యం 1840ల చివర్లో అమెరికాలో బానిసత్వ వ్యతిరేకుల సంచికలో వచ్చింది. అందులో మాట్లాడే స్త్రీ మీద తెల్లవాళ్ళు అత్యాచారం చేశారు. పుట్టిన బిడ్డ ముఖంలో యజమాని ముఖం కనిపించి, చూడలేక, గుడ్డ కప్పి ఊపిరాడకుండా చంపేస్తుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చిన తొలి వలస యాత్రికులు స్వేచ్ఛ కోసం దిగిన ఒడ్డునే నిలబడి ఆమె ఈ కథ చెబుతుంది. బారెట్ కుటుంబానికి సంపద వచ్చింది జమైకా చెరకు తోటల నుంచి. కవయిత్రి ఆ సంగతి తెలిసే రాసింది.

నాగలి వెనక అల్లిన ప్రేమ పద్యాలు

దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలకు చదువు చెప్పడమే నేరమైంది. దక్షిణ కరోలినా 1740లోనే రాత నేర్పడాన్ని నిషేధించింది. ఉత్తర కరోలినా 1830లో చదవడం, రాయడం రెండూ నేర్పకూడదంది. తిరుగుబాట్ల టెన్షన్ పెరిగిన కొద్దీ ఈ చట్టాలు బిగుసుకున్నాయి. చదువొచ్చినవాడు ఊరు దాటే పాస్ తనే రాసుకోగలడు, వార్తలు చదవగలడు. యజమానుల భయం అది.

ఆ ఉత్తర కరోలినాలోనే జార్జ్ మోజెస్ హోర్టన్ కవి అయ్యాడు. పట్టుదలతో చదవడం నేర్చుకున్నాడు కానీ రాయడం చాలాకాలం రాలేదు. పొలంలో పద్యాలు మనసులోనే అల్లుకునేవాడు. వారాంతాల్లో పండ్లు అమ్మడానికి చాపెల్ హిల్ యూనివర్సిటీకి నడిచి వెళ్ళేవాడు. అక్కడి విద్యార్థులకు ఇతని విద్య తెలిసింది. ప్రియురాళ్ళకు పంపడానికి ప్రేమ పద్యాలు, ఒక్కో పాదం మొదటి అక్షరం కలిపితే అమ్మాయి పేరు వచ్చే పద్యాలు కావాలని అడిగేవారు. అతను చెబితే వాళ్ళు రాసుకునేవారు. ఒక్కో పద్యానికి పావు డాలరు నుంచి ముప్పావు డాలరు దాకా ఇచ్చేవారు. తన రోజులు తాను వాడుకున్నందుకు యజమానికి రోజుకింత అని కట్టేవాడు.

1829లో అతని సంపుటి వెలువడింది. దాని మీద వచ్చే డబ్బుతో తనను తాను కొనుక్కోవాలన్నది ఆశ. దానికి సరిపడా డబ్బు రాలేదు. వీట్లీ పద్యాల్లో దాక్కున్నది ఇక్కడ నేరుగా వినిపిస్తుంది: "అయ్యో, ఈ బానిస సంకెల మోయడానికేనా నేను పుట్టింది?" తన బతుకు గురించి ఇలా రాసుకున్న మనిషి ఇతరుల ప్రేమల మీద పద్యాలు అమ్ముతూ దశాబ్దాలు గడిపాడు. 1865లో, అంతర్యుద్ధం చివర్లో, ఉత్తరాది సైన్యం వచ్చేదాకా విడుదల దొరకలేదు. అప్పటికి అరవై దాటాయి.

క్యూబాలో హువాన్ ఫ్రాన్సిస్కో మాన్సానోకు కవిత్వం నిజంగానే విడుదల తెచ్చింది. తన ముప్పై ఏళ్ళ జీవితం మీద రాసిన సానెట్‌ను (పద్నాలుగు పాదాల పద్యం) హవానా సాహిత్య గోష్ఠిలో చదివితే, విన్నవాళ్ళు చందాలు వేసుకుని 1836లో అతన్ని విడిపించారు. అయితే అతని ఆత్మకథ స్పానిష్ మూలం క్యూబాలో అచ్చయింది 1937లో, శతాబ్దం గడిచాక.

కాగితం అక్కర్లేని కవిత్వం

చదువు నిషేధించినచోట కవిత్వం పాటలో బతికింది. పొలాల్లో, రహస్య ప్రార్థనల్లో పాడుకున్న స్పిరిచ్యువల్స్ అన్న భక్తి పాటలకు ఒక్క రచయిత అంటూ లేడు. ఈజిప్టు చెర నుంచి మోషే తన జనాన్ని విడిపించిన కథ వీటిలో పదేపదే వస్తుంది. యజమాని చెవికి అది బైబిల్ కథ. పాడేవాళ్ళకు ఈజిప్టు ఎక్కడుందో బాగా తెలుసు. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్, తాము పాడుకున్న పాటలో కానాను దేశమంటే, అంటే బైబిల్లో దేవుడు మాటిచ్చిన నేలంటే, బానిసత్వం లేని ఉత్తరాది అనే అర్థమని తర్వాత రాశాడు. ఈ పాటలు విని బానిసలు సంతోషంగా ఉన్నారని అనుకోవడం కంటే పెద్ద పొరపాటు లేదని కూడా 1845 నాటి ఆత్మకథలో ఆయన చెప్పాడు. వాళ్ళు బాగా దుఃఖంలో ఉన్నప్పుడే ఎక్కువగా పాడేవారట. 1867లో ఈ పాటల మొదటి పెద్ద సంకలనం వచ్చింది. అంటే అచ్చులోకి వచ్చేసరికి బానిసత్వం రద్దయి రెండేళ్ళు.

చిట్టాలోంచి పేర్ల దాకా

విముక్తి తర్వాతి తరాల కవులకు ఎదురైన ఇబ్బంది వేరు. వాళ్ళ గొంతును ఆపే యజమాని లేడు. కానీ పూర్వీకుల గురించి మిగిలిన కాగితాలన్నీ యజమానులవి: ఓడ చిట్టాలు, అమ్మకం రసీదులు, ఇన్సూరెన్స్ పత్రాలు. వాటిలో మనిషి ఒక అంకె, పక్కన ఒక ధర. సముద్రమే మా చరిత్ర అని సెయింట్ లూసియా కవి డెరెక్ వాల్కాట్ అన్నది ఈ లోటు గురించే.

ఆఫ్రికన్ అమెరికన్ కవి రాబర్ట్ హేడెన్ 1945లో మొదట ప్రచురించి, తర్వాత దిద్దిన బానిస ఓడల కవితలో ఎక్కువగా వినిపించేది తెల్ల నావికుల గొంతులు. దినచర్య, సాక్ష్యం, ప్రార్థన, చివర్లో 1839 నాటి అమిస్తాద్ ఓడ మీది బానిసల తిరుగుబాటు నుంచి బతికి బయటపడ్డవాడి ఫిర్యాదు. తిరుగుబాటు నాయకుడు సింకే గొప్పతనం అతన్ని తిట్టేవాడి నోటి నుంచే మనకు తెలుస్తుంది. ఈ కవిత మొదలయ్యేది ఓడల పేర్లతో. యేసు, నక్షత్రం, ఆశ అనే అర్థాలొచ్చే మూడు స్పానిష్ పేర్ల తర్వాత నాలుగోది ఇంగ్లిషు పేరు, మెర్సీ. కరుణ అని. వీట్లీ తన మొదటి పాదంలో వాడిన మాట కూడా ఇంగ్లిషులో ఇదే.

కాగితాలతో ఇంకా దూరం వెళ్ళింది ఎం. నూర్బెసి ఫిలిప్. టొబాగోలో పుట్టి కెనడాలో స్థిరపడ్డ ఈ కవయిత్రి ఒకప్పుడు లాయరు. ఆమె తీసుకున్నది జాంగ్ ఓడ కేసు. 1781 నవంబరు చివర్లో, జమైకా దారిలో, నీళ్ళు చాలవన్న సాకుతో ఆ ఓడ సిబ్బంది 130 మందికి పైగా ఆఫ్రికన్లను రోజుల తరబడి విడతలుగా సముద్రంలోకి తోసేశారు. యజమానులు తలకు 30 పౌండ్ల చొప్పున ఇన్సూరెన్స్ అడిగారు. ఇన్సూరెన్స్ చేసినవాళ్ళు కాదంటే కోర్టుకెళ్ళారు. 1783లో లండన్‌లో నడిచింది హత్య కేసు కాదు, సరుకు నష్టం కేసు. గుర్రాలను సముద్రంలో పడేసినా ఇంతే అన్న పోలిక న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ నోట వచ్చింది. హత్యకు ఎవరి మీదా విచారణ జరగలేదు.

ఆ కేసు నివేదిక మొత్తం రెండు పేజీలు ఉంటుంది. ఫిలిప్ 2008లో తెచ్చిన సంపుటికి ఆ నివేదికలోని మాటలే ముడిసరుకు. వాటిని విరిచి, చిందరవందర చేసి, పేజీ మీద చల్లింది. మొదటి కవితలో 'నీళ్ళు' అన్న ఇంగ్లిషు మాట ముక్కలై, దాహంతో నాలుక పిడచకట్టినవాళ్ళ నోటి నుంచి రాలేక రాలేక వస్తున్నట్టు ఒక్కో అక్షరంగా కాగితమంతా తేలుతుంది. చదవడానికి కష్టంగా ఉంటుంది, ఎంత ఓపికగా చూసినా వాక్యం కుదరదు.

ఆ మొదటి భాగంలో ప్రతి పేజీ అడుగున ఒక గీత ఉంది. గీత కింద, నీళ్ళ అడుగున ఉన్నట్టు, చిన్న అక్షరాల్లో కొన్ని ఆఫ్రికన్ పేర్లు. ఓడ చిట్టాలో లేని పేర్లవి, కవయిత్రి తానే వెతికి పెట్టినవి.